మా విమానానికి పక్కింట్లో ప్రస్థానం

ఇది ఇప్పుడు రాయకపోతే మా బంధువర్గంలో శాస్త్రానికి తీరని అన్యాయం జరిగిపోతుంది. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో మావాళ్ళు నలుగురు చేరినప్పుడల్లా ఈ కథ చెప్పుకుంటారు. ఎవరు మొదలుపెట్టినా, "పసుపు ముద్ద పెట్టాకే కదూ అది ఎగిరింది" అంటూ ముగించి, నావంక చూసి నవ్వుతారు. పసుపు ముద్ద పెట్టాకే ఎగిరిన మాట నిజం. ఎందుకు ఎగిరిందన్నది వేరే సంగతి. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి అది నేనే చెప్పాలి.

పైగా మొన్న మా మనవడు నన్నొక మైదానానికి తీసుకెళ్ళాడు. అక్కడ కుర్రాళ్ళు చేతిలో రేడియో పెట్టెలు పట్టుకుని బొమ్మ విమానాలు తిప్పుతున్నారు. అందులో ఒకడు విమానాన్ని రెండు వేళ్ళ మీద నిలబెట్టి తూకం చూస్తూ, అదేదో నిన్న కనిపెట్టిన విద్య అయినట్టు నాకు వివరించాడు. నలభైలలో, యుద్ధం రోజుల్లో, రేడియో మాట అటుంచి మంచి రబ్బరు కూడా దొరకని కాలంలో, ఆ తూకం కోసం బెజవాడ ఇసుకలో నేను పడ్డ పాట్లు అతనికేం తెలుసు? పేర్లు మాత్రం రాయను. ఎవరి పేరు ముందొచ్చిందని తగువులొస్తాయి. వరసలు చాలు.

మాది నేతపని ఇల్లు. ఫోర్తు ఫారంతో చదువు ఆగిపోయాక నాన్న నన్ను బెజవాడ పంపించాడు. వన్ టౌన్‌లో మా మేనమామకు బట్టల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. పగలంతా తానులు విప్పడం, మడవడం. దీపాలు పెట్టే వేళకు నేను లైబ్రరీకి పోయేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదివేవాణ్ణి. ఫలానా విషయమని ఏరుకోలేదు. ఒక బీరువా మొదటి అరలో మొదలుపెట్టి వరసగా పోయాను. పశువుల వైద్యం, తేనెటీగల పెంపకం, గడియారాల మరమ్మతు, ఓడల చరిత్ర, అన్నీ ఆ వరసలో వచ్చినవే.

చిక్కేమిటంటే, కొట్టుకు బేరాలు వచ్చేది కూడా ఆ వేళకే. ఒక సాయంత్రం పెళ్ళి బట్టల కోసం పల్లెటూరి నుంచి ఒక కుటుంబం దిగింది. చీరలు విప్పి చూపించేవాడు లేక, మామయ్య ఒక్కడూ తికమకపడుతుంటే, వాళ్ళు లేచి ఎదురు కొట్టుకు పోయారు. నేను ఇంటికొచ్చేసరికి ఆయన చుట్ట కూడా ముట్టించకుండా కూర్చుని ఉన్నాడు.

"రేపట్నించి లైబ్రరీ లేదు" అన్నాడు.

"చదవనీయండి పాపం" అంది అత్తయ్య. "మీరు చుట్ట కాలుస్తారు, వాడు పుస్తకం చదువుతాడు. వాడి దానికి పొగన్నా రాదు."

"చదివి ఏం తెచ్చాడు? తేనెటీగల పుస్తకం చదివాడు. ఒక్క చుక్క తేనె నాలిక్కి రాశాడా? పశువుల వైద్యం చదివాడు. మన వీధిలో ఆవు వీణ్ణి చూస్తే పారిపోతుంది."

అప్పుడు నేను చదువుతున్నది బొమ్మ విమానాల పుస్తకం. నోరు ఊరుకోలేదు. "విమానం చేసి ఎగరేస్తాను మామయ్యా" అన్నాను.

"ఎవరెక్కుతారు దాన్ని?"

"ఎవరూ ఎక్కరు. అదే ఎగురుతుంది."

"గాలిపటం అను."

"దారం ఉండదు."

మామయ్య వ్యాపారి. బేరం అన్నాక కొలత స్పష్టంగా ఉండాలంటాడు. "దారం లేకుండా నా తలమీదుగా పోవాలి. పోతే సాయంత్రాలు నీవి. పోకపోతే ఇంక ఆ లైబ్రరీ మెట్టెక్కడానికి వీల్లేదు. సరేనా?"

సరేనన్నాను. ఆ బీరువాలో నేను ఇంకా ముట్టని అరలు కళ్ళముందు కదిలాయి.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు నా మొదటి సలహా, పుస్తకంలో చెప్పిన వస్తువు దొరకలేదని చేతులు ముడుచుకోకండి. బాల్సా అనే చెట్టు కర్ర కావాలని పుస్తకం అంది. అది పెరిగేది దక్షిణ అమెరికా అడవుల్లో అని ఇంకో పుస్తకం చెప్పింది. మనకు పక్కనే కొండపల్లి ఉంది. అక్కడ బొమ్మలు చేసే పొణికి కర్ర అరచేతిలో పెట్టుకుంటే, పెట్టుకున్నామో లేదో అనిపిస్తుంది. ముందు తిరిగే చక్రం, అదే ప్రొపెల్లర్, దానితో చెక్కాను. ఒడలికి పొడుగాటి వెదురు బద్ద. రెక్కల బద్దలు సన్నగా చీల్చి, లాంతరు వేడిమీద పట్టి మెల్లగా వంచాలి. తొందరపడితే మాడి విరుగుతాయి. పైన గాలిపటాల కాగితం అంటించి, నోటితో నీళ్ళు తుంపరగా చిమ్మి నీడన ఆరబెడితే అదే బిగుసుకుంటుంది.

ఆ కాగితం మీద ఒక రకం వార్నీషు పుయ్యాలని పుస్తకం చెప్పింది. నేతగాడి కొడుకుని, నాకు వార్నీషెందుకు? మగ్గం మీద పడుగు నూలుకు పెట్టినట్టే గంజి పెట్టాను. గంజి పలచగా కాచి గుడ్డలో వడకట్టాలి. ఒక రెక్క మీద ఉండ మిగిలితే విమానం అటే ఒరుగుతుంది. అందులో చిటికెడు మైలుతుత్తం కలపడం మరవకూడదు. లేకపోతే బొద్దింకలు రెక్కలు తిని బద్దలు మిగులుస్తాయి.

రబ్బరుకు మామయ్య సైకిలు పాత ట్యూబు దొరికింది. అందులో రబ్బరుకంటే అతుకులు ఎక్కువ. అతుకుల్లేని చోట సన్నని పట్టీలుగా కోసి, ముందున్న చక్రం కొక్కెం నుంచి వెనక కొక్కేనికి కట్టాలి. చక్రాన్ని తిప్పితే రబ్బరుకు పురి ఎక్కుతుంది, వదిలితే ఆ పురి విడుతూ చక్రాన్ని తిప్పుతుంది. పురి ఎక్కించడం మా ఇంటి విద్యే. రబ్బరుకు ఆముదం రాయండి. కొబ్బరినూనె, నువ్వులనూనె రాస్తే నాలుగు రోజుల్లో బంకవుతుంది. కిరసనాయిలు దగ్గరికే రానీయకండి.

"తలకు రాసుకోరా అంటే పారిపోతావు, ట్యూబుకు తలంటు పోస్తున్నావా?" అంది అత్తయ్య.

రబ్బరు కట్టకముందే, రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి తూకం చూశాను. విమానం తక్కెడ కాడలా నిలిచింది. పుస్తకం చెప్పినట్టే ఉందని తృప్తిపడ్డాను.

అంతవరకూ వేళాకోళం చేసిన మామయ్య, విమానం పూర్తయి కొట్టులో దూలానికి వేలాడేసరికి గంభీరంగా మారాడు. "ఎప్పుడు బయలుదేరుతుంది?" అని అడిగాడు.

నేతగాళ్ళకు అమావాస్య సెలవు. సరుకు రాదు కాబట్టి మా కొట్టూ ఆ రోజే మూసేవాళ్ళం. "అమావాస్య నాడు" అన్నాను.

"అమావాస్య నాడు ప్రయాణమా?" అంది అత్తయ్య.

"ప్రయాణం నాది కాదత్తయ్యా, విమానానిది."

"ఎవరిదైతేనేం? రైలు ఎక్కేవాళ్ళే ఆ రోజు ఎక్కరు. ఇది గాల్లోకి పోయేది."

మామయ్య పంచాంగం తీశాడు. మరో రోజు కొట్టు మూయడం కుదరదు. అమావాస్య నాడు బయలుదేరడమూ కుదరదు. దీనికి మన పెద్దలు ఎప్పుడో దారి చూపించారు. మంచిరోజున బయలుదేరే వీలులేనివాళ్ళు, ముందే ఒక మంచి ఘడియలో తమ సామాను ఒకటి పక్కింట్లో పెడతారు. దాన్నే ప్రస్థానం అంటారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. తరవాత ఏ రోజు కదిలినా దోషం లేదు. అలా త్రయోదశి నాడు మా విమానాన్ని పక్కింటి పిన్నిగారింట్లో ప్రస్థానం పెట్టాలని తేలింది.

"ముందు ఒకసారి ఎగరేసి చూసుకుంటాను మామయ్యా" అన్నాను.

"ముహూర్తం కాకుండా ఎగరేస్తే అదే ప్రయాణమవుతుంది. ముహూర్తం అయ్యాక మళ్ళీ ఇంటికి తేకూడదు. ఇక చూసుకునేది ఎక్కడ?"

పిన్నిగారు గడపలో నిలబడి హారతిచ్చి మరీ విమానాన్ని లోపలికి తీసుకుంది. బియ్యం డబ్బా మీద దానికి స్థలం ఇచ్చింది.

అమావాస్య నాడు ఎండ తగ్గాక తెచ్చుకుందామని వెళ్ళాను. చక్రానికి వెనకగా, వెదురు బద్ద మీద, ఉసిరికాయంత పసుపు ముద్ద. దానికి కుంకుమ బొట్టు. అప్పటికే ఎండి గట్టిపడింది.

"ఇదేంటి పిన్నిగారూ?"

"వినాయకుడు నాయనా. కొత్త బండికి ముందు ఆయన్ని కూర్చోబెట్టాలి."

"ఇది గాల్లో ఎగరాలండీ. బరువైపోతుంది."

"ఎలుకే ఆయన్ని మోసింది. నీ విమానం మొయ్యలేదా?"

వాదం పెట్టుకోలేదు. కృష్ణ ఇసుకలోకి వెళ్ళాక తీసేద్దామనుకున్నాను. మామయ్యతో పాటు అత్తయ్య, పిన్నిగారు కూడా వెంట వచ్చారు.

వేసవి కావడంతో కృష్ణలో నీళ్ళు ఒక పాయగా ఒదిగి, మిగతాదంతా ఇసుక. విమానాలకు అంతకంటే మంచి చోటు లేదు. పడినా మెత్తగా పడతాయి. గుప్పెడు ఇసుక తీసి జారవిడిస్తే గాలి ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. ఎప్పుడూ గాలికి ఎదురుగానే వదలాలి. పైరగాలి సన్నగా వీస్తోంది. మామయ్య ఆ దిక్కున కొంత దూరం నడిచి, తలపాగా సవరించుకుని, చుట్ట ముట్టించి, రాటలా నిలబడ్డాడు. "ఇదిగో నా తల" అన్నాడు.

నేను పసుపు ముద్ద ఊడదీశాను. పిన్నిగారు దాన్ని నా చేతిలోంచి లాక్కుని కొంగులో దాచుకుంది. అత్తయ్య నావైపు అదోలా చూసింది.

పురి ఎక్కించి, భుజం ఎత్తున, నేలకు సమంగా పట్టుకుని వదిలాను. విమానం ముక్కు పైకెత్తింది. గాల్లో ఒక్క క్షణం నిలబడింది. తరవాత తోకమీద వెనక్కి జారి నా కాళ్ళ దగ్గరే పడింది.

"నా దగ్గరికి రాలేదురా. నిన్నే చూసుకోవడానికి వెనక్కొచ్చింది" అన్నాడు మామయ్య.

రెండోసారీ అంతే.

"కోడిపుంజైనా గోడదాకా పోతుంది. ఇంకొక్కసారి చూడు. చుట్ట అయిపోవచ్చింది. నాకు కాళ్ళు కాలుతున్నాయి."

రేపు దీపాలు పెట్టే వేళకు నేను చీరలు విప్పుతూ ఉంటాను. ఎల్లుండీ అంతే. పుస్తకంలోని వాక్యాలు గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రాదు.

"ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టు నాయనా. పోయేదేముంది?" అని పిన్నిగారు కొంగుముడి విప్పింది.

"పెట్టరా" అంది అత్తయ్య.

ఆ ఇద్దరి నోళ్ళు మూయించడానికే ముద్దను పాయలో తడిపి మునుపటి చోటే అదిమాను. వేళ్ళకు దాని బరువు తగిలినప్పుడు అసలు సంగతి తట్టింది. నేను ఇంట్లో తూకం చూసినప్పుడు విమానానికి రబ్బరు లేదు. రబ్బరు బరువంతా రెక్కలకు వెనకే వేలాడుతోంది. ఆ తోకబరువు వల్లే ముక్కు లేస్తోంది. మళ్ళీ రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి చూశాను. సరిగ్గా నిలిచింది.

"తూకం కుదిరింది" అన్నాను.

"నేను మొదటే చెప్పలా" అంది పిన్నిగారు.

ఈ వ్యాసం చదివేవాళ్ళు ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. తూకం చూసేటప్పుడు రబ్బరైనా, ఇప్పటివాళ్ళ బ్యాటరీ అయినా, ఎగిరేటప్పుడు ఉండే సామానంతా దానిమీదే ఉండాలి. ముక్కు లేస్తుంటే ముందు బరువు పెంచాలి. ముక్కు కుంగుతుంటే తగ్గించాలి. ఆ బరువు మట్టి కావచ్చు, మైనం కావచ్చు, పసుపు కావచ్చు. తూకానికి భక్తి లేదు.

మూడోసారి వదిలాను. చక్రం చప్పుడు తేనెటీగలా ఉంది. విమానం నిదానంగా, తిన్నగా పోయి మామయ్యను సమీపించింది. రాటలా నిలబడతానన్నవాడు చటుక్కున వంగాడు. చుట్ట ఇసుకలో పడింది. విమానం ఆయన తలపాగా మీదుగా సాగి, పాయ దాటి, అవతలి ఇసుకమేటలో దోసపాదుల్లో వాలింది.

నేను కదిలేలోపే మామయ్య పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. అంత పెద్దమనిషి పరుగెత్తగా బెజవాడలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ పాయ దాటాడు. అవతల పాదుల కాపలాదారు కేకవేశాడు.

"ఎవరయ్యా అది, తీగలు తొక్కేస్తున్నావు?"

"నా విమానం పడిందయ్యా" అన్నాడు మామయ్య.

అత్తయ్య, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

తిరిగొచ్చాక విమానాన్ని నా చేతికివ్వలేదు. "ఈసారి నేను" అన్నాడు. గాలిపటాన్ని ఎగదోసినట్టు ఆకాశంలోకి విసిరాడు. అలా ఎప్పుడూ విసరకూడదు. అది పైకిపోయి, తిరగబడి, ముక్కుతో ఇసుకలో గుచ్చుకుంది. పొణికి చక్రం రెండు ముక్కలైంది.

"నువ్వు సరిగ్గా అతికించలేదురా."

"అతుకు లేదు మామయ్యా. అది ఒకటే ముక్క."

ఇల్లు చేరాక ఆయన గుమ్మం దగ్గర ఆగి, "సాయంత్రాలు నీవేలే. మాట మాటే" అన్నాడు. చెప్పులు విడుస్తూ, "ఆ పుస్తకంలో చక్రం చెక్కే బొమ్మ ఉందా?" అన్నాడు.

"ఉంది."

"రెండు చక్రాల విమానం?"

"అదీ ఉంది."

"రేపు నేనూ వస్తా."

వచ్చాడు. మర్నాడే కాదు, రోజూ. ఆయనకు ఇంగ్లీషు రాదు. నా చదువు మానేసి ఆ పుస్తకం పేజీ పేజీ ఆయనకు తెలుగులో చెప్పాలి. "ఇదేంట్రా, ఇదేంటి?" అని కొట్లో అడిగినంత గట్టిగా అడిగేవాడు. నేను గెలుచుకున్న సాయంత్రాలన్నీ నా పక్కన కూర్చుని ఆయనే అనుభవించాడు.

మరి కొట్టు? అత్తయ్య కూర్చుంది. ఆవిడా నేతగాళ్ళ ఆడపడుచే. వేలితో రుద్ది నూలు రకం చెప్పగలదు. ఆడవాళ్ళు మామయ్య ముందు అడగడానికి మొహమాటపడినవన్నీ ఆవిణ్ణి అడిగారు, పక్కవాళ్ళను కూడా వెంటబెట్టుకొచ్చారు. ఒకరోజు మేం లైబ్రరీకి బయలుదేరుతుంటే గల్లాపెట్టె దగ్గర్నుంచి తల ఎత్తకుండానే, "ఇంత ఆలస్యంగా పోతారెందుకు? పొద్దున్నే పోయి చదువుకోండి. ఇక్కడ నష్టమేం లేదు" అంది.

ఇక కృతజ్ఞతలు. మొదట అత్తయ్యకు. కొండపల్లిలో పొణికి ముక్కలు ఊరికే ఇచ్చిన బొమ్మల తాతకు. తీగలు తొక్కినా మామయ్య చేతిలో దోసకాయ పెట్టి పంపిన కాపలాదారుకు. మామయ్య గొంతు తగ్గించమని రోజూ చెప్పి, ఒక్కరోజూ బయటికి పొమ్మనని లైబ్రేరియన్ గారికి. వాదంలో ఇప్పటికీ నేను ఒప్పుకోని పక్కింటి పిన్నిగారికి. మామయ్యకు చాలా ఏళ్ళ తరవాత శుక్లం ఆపరేషన్ చేసి, నెల్లాళ్ళు పుస్తకం ముట్టవద్దని, ఇల్లు కదలవద్దని చెప్పిన కళ్ళ డాక్టరు గారికి ప్రత్యేకంగా. ఆ నెల సాయంత్రాలు నిజంగా నావి.