ఏడు తిరగని గోడ

ఇంటికి బయట రంగు ఎప్పుడు వేయించాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా పడమటి గోడే నేర్పింది, అదీ అమ్మ ప్రాణం మీదికి తెచ్చి. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తొంభైల మొదట్లో మైలార్‌దేవ్‌పల్లిలో మాది రెండు గదుల ఇల్లు. కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చిన నాన్న కట్టుకున్నది. పడమటి గోడకు అటువైపు జల్లు కొట్టేది, ఇటువైపు అమ్మ మంచం. అమ్మకు ఉబ్బసం. మంచం ఇంకెక్కడా పట్టదు. అందుకే నాన్న మూడేళ్ళకోసారి ఎండాకాలంలో ఆ గోడకు సిమెంటు రంగు తప్పకుండా వేయించేవాడు. మళ్ళీ వేయించాల్సిన ఎండాకాలం ఇంకా రాకముందే, చలికాలంలో గుండెపోటుతో పోయాడు.

ఎప్పుడూ వచ్చే రంగులాయనది శంషాబాద్ దగ్గరి పల్లె. వ్యవసాయం మనిషి. పొలంలో పని లేని ఎండాకాలంలోనే రంగులు వేసేవాడు. ఆ ఎండాకాలం నాన్న సంగతి విని వచ్చాడు. నన్ను పడమటి గోడ దగ్గరికి పిలిచాడు.

"అక్కా, గిట్ల చెయ్యి వెట్టి సూడు."

పెట్టాను. అరచెయ్యంతా ముగ్గుపిండి పూసుకున్నట్టు తెల్లబడింది.

"పిండి లెక్క వస్తుందంటే రంగు సచ్చినట్టే. పగుళ్ళు గూడ వట్టినయ్. మిర్గం వానలు వడ్డయంటే ఇగ నేను దొరక, ఇత్తనాల పనుంటది. జర జల్ది చేపియ్యి."

మర్నాడే నిచ్చెన వేశాడు. ఒక మెట్టు ఎక్కాడో లేదో, అత్తాపూర్‌లో ఉండే పెదనాన్న గేటు ముందు స్కూటర్ దిగాడు.

"తమ్ముడు పోయి ఆర్నెల్లు కాలేదు. ఏటిమైల ఇంటికి రంగులేమిటమ్మా? లోకం ఏమనుకుంటుంది?"

మనిషి పోయిన ఇంటికి ఏడు తిరిగేదాకా సున్నం, రంగు తగలకూడదని మావాళ్ళ పట్టింపు. అది నాకూ తెలుసు. కానీ మంచం ఎక్కడుందో కూడా తెలుసు.

నిచ్చెన మీంచే రంగులాయన అన్నాడు. "ఇది సోకు కాదు బాపూ. గోడకు గొంగడి కప్పుడు."

పెదనాన్న ఆయన వంక కూడా చూడలేదు. నిచ్చెన తీసేయమని నాకే చెప్పాడు. అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, డిగ్రీ చదివిన నోరు. అయినా నిచ్చెన తీయించాను. ఆయన మీద నా కోపం ఒక వంతయితే, నా మీద నాకు మూడు వంతులు.

రంగులాయన మిర్గం అన్న మృగశిర కార్తె మొదటి రోజుకే వానలు దిగాయి. పగుళ్ళలోంచి నీళ్ళు గోడలోకి ఇంకాయి. శ్రావణానికల్లా మంచం పక్కన గోడంతా నల్లటి బూజు. నేను రోజూ గుడ్డతో తుడిచేదాన్ని, తెల్లారేసరికి మళ్ళీ అదే నలుపు. అమ్మ కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టింది. భాద్రపదంలో ఊపిరి అందక పెదాలు నీలంగా మారితే ఆటోలో పెద్దాసుపత్రికి పరుగెత్తించాను. పదకొండు రోజులున్నాం. పెదనాన్న బత్తాయిలు పట్టుకొచ్చాడు. ఆ బత్తాయిలను కిటికీలోంచి విసిరికొట్టాలనిపించింది.

అసలు సంగతి సంవత్సరీకం నాడు జరిగింది. భోజనానికి కూర్చోబోతూ పెదనాన్న అమ్మ గదిలోకి తొంగి చూసి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"ఇదేమిటమ్మా, గోడని ఇంత నాననిచ్చారు? వానలకు ముందే ఏదో ఒకటి చేయించుకోవద్దూ?"

నా చేతిలో పప్పు గరిటె ఉంది. అది ఆయన నెత్తిన పడలేదంటే నా సంస్కారం కాదు, అమ్మ చూపు. ఆయన నిజంగానే మర్చిపోయాడు. పట్టింపు ఆయనది, బూజు మాది.

ఆ ఎండాకాలం రంగులాయన వచ్చి గోడ గీకి, పగుళ్ళు పూడ్చి రంగు వేశాడు. గోడ బాగుపడింది, అమ్మ బాగుపడలేదు. ప్రతి వానాకాలం ఆసుపత్రి మెట్లెక్కుతూ ఇంకో ఆరేళ్ళు గడిపింది. తొంభైలు ముగుస్తుండగా ఒక మాఘమాసంలో పోయింది. ఇల్లు నాకు మిగిలింది.

ఆ వైశాఖంలో పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూశాను. తెల్లబడింది. ఆరాంఘర్ చౌరస్తాకు వెళ్ళి సిమెంటు రంగు కొనుక్కొచ్చి, రంగులాయనకు కబురు పెట్టాను. ఆయన నిచ్చెన ఎక్కి గోడ గీకుతుండగా గేటు చప్పుడైంది. పెదనాన్న. స్కూటర్ మానేశాడు, చేతిలో కర్ర ఉంది. గోడ వంక, నా వంక చూశాడు.

"మీ అమ్మ పోయి మూడు నెలలేగా..."

"మిర్గం వచ్చేస్తోంది పెదనాన్నా," అని, నేను వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.