పగిలే చోటు

మార్కాపురం బడిలో సైన్సు చెప్పే దేవదానం, ఏ పలక చేతికొచ్చినా గోటితో తట్టి, పగులుందేమోనని వింటాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో యూనివర్సిటీలో చేరి, మూడేళ్లు కర్పూరపు స్ఫటికాలను మంచుకన్నా చల్లగా చల్లార్చి, అవి ఎంత కుంచించుకుపోతాయో కొలిచాడు. సరిగ్గా ఒకే చలి దగ్గర ప్రతి స్ఫటికమూ పగిలింది. అతని అజాగ్రత్త అన్నారు ప్రొఫెసర్లు. తప్పు తనదేనని కాగితం రాసి సంతకం పెట్టి, పరిశోధన వదిలి వచ్చేశాడు.

ఏడాది తర్వాత ఈ సంగతి, పలకరాయి చీలుస్తున్న తల్లి రూతమ్మకు చెప్పాడు. ఆమె ఉలి ఆపింది.

“ఒకసారి పగిల్తే చేతి తప్పు నాయనా. ప్రతిసారీ ఆడనే పగిల్తే అది రాయి గుణం. ఇంత సదివినావు, తెలీదా ఏంది?”

ఆ చలిలో కర్పూరం లోపలి అమరికే మారిపోయి పగులుతోందన్నమాట. దేవదానానికి ఇప్పుడు తట్టింది.

“ఇప్పుడన్నా పోయి చెప్పు.”

“నా చెయ్యే వణికిందని రాసిచ్చినానమ్మా.”

రూతమ్మ ఆ చేతిని పట్టుకుంది. అది అప్పుడు వణకడం మొదలుపెట్టింది.