పైసలిస్తే రాని మనిషి

అజీముద్దీన్ చాచాకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరి కంప్యూటర్‌లోనైనా లినక్స్ వేశాడంటే, ఇక ఆ ఇంటికి వారం వారం వెళ్లి దాని బాగోగులు అడగకుండా ఉండలేడు. గనిలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరై, శ్రీరాంపూర్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టాక జబ్బు బాగా ముదిరింది.

లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే, ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు. కొన్ని కంపెనీలు దాన్నే డబ్బుకు ఇస్తాయి. ఆ డబ్బు సరుక్కు కాదు, చెడిపోతే చూసి పెట్టినందుకు. చాచా మాత్రం ఊరికే వేసి ఊరికే చూసేవాడు. చెడిపోకపోయినా చూసేవాడు. "అప్‌డేట్ చేసినవా? దుమ్ము దులుపుతున్నవా? రాత్రి మంచిగ పండుకున్నదా?" అని అడిగి, పడుకోవాల్సింది కంప్యూటరో మనిషో తేలేలోపు రెండో చాయ్ కానిచ్చేవాడు.

చాచా చేత లినక్స్ వేయించుకుని, టీచరు ఉద్యోగానికి చదువుకుంటున్న శ్యామల ఈ రాకపోకలు తట్టుకోలేకపోయింది.

"చాచా, ఐదు వందలిస్త. ఇగ రాకుండ్రి" అంది ఒకరోజు.

చాచా నొచ్చుకోలేదు సరికదా, కళ్లు మెరిశాయి. "అంటే నీది పెయిడ్ లినక్స్ అన్నట్టు!"

మర్నాడే దుకాణం ముందు బోర్డు వెలిసింది: 'ఫ్రీ అయితే నేనొస్త. పైసలిస్తే రాను.' వారం తిరిగేసరికి సగం కాలనీ డబ్బు కట్టేసింది.

చాచా మాట తప్పే మనిషి కాదు. శ్యామల ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే ముఖం అటు తిప్పుకుని, సైకిల్ బెల్లు కూడా కొట్టకుండా పోయేవాడు.

మూడు నెలలు గడిచాయి. ఉద్యోగ దరఖాస్తుకు ఆఖరి రోజు, సాయంత్రం ఐదింటికి గడువు. నాలుగింటికి శ్యామల కంప్యూటర్ కదలనని మొండికేసింది. సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. దుకాణానికి పరుగెత్తితే తాళం.

"శుక్రవారం గద, లింగవ్వ ఇంట్ల ఉంటడు" అన్నాడు పక్కనున్న పంక్చర్ షాపాయన.

లింగవ్వ భర్త పోయి రెండేళ్లు. శ్యామల వెళ్లేసరికి, ఆయన కొన్న కంప్యూటర్ ముందు కూర్చుని చాచా టకటకా కీబోర్డు కొడుతున్నాడు. "అక్కా, ఈసారి చానా పెద్ద అప్‌డేట్ వచ్చింది!"

"ఔనా తమ్మీ, నిమ్మలంగ జెయ్యి."

శ్యామల తెర వైపు చూసింది. నల్లగా ఉంది. తీగ వైపు చూసింది. ప్లగ్గు నేల మీద ఉంది.

చాచా గబగబా గుమ్మం దాకా వచ్చి గుసగుసలాడాడు. "అది కాలిపోయి ఆర్నెల్లాయె బిడ్డా. ఆ మాట చెప్తే నేను ఏం పని పెట్టుకొని రావాలె? ఒక్కతే ఉంటది. అక్కకు చెప్పకు."

నీళ్లిస్తానని లింగవ్వ వంటింట్లోకి పిలిచింది. "అది నడుస్తలేదని నాకెరుకే బిడ్డా. చెప్తే చిన్నబోతడు. అందరు పైసలు కట్టి రావద్దనిరి, పాపం ఇంకెవలింటికి పోతడు? తమ్మునికి చెప్పకు."

శ్యామలకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది.

"చాచా, నా కంప్యూటర్ ఆగిపోయింది. జర రాండ్రి."

"నీది పెయిడ్ గద బిడ్డా, ఎట్ల వస్త?" చాచా నిజంగానే పరేషానయ్యాడు.

"నాది ఫ్రీ చెయ్యిండ్రి."

"ఫ్రీ అంటే వారం వారం వస్త మరి!"

"రాండ్రి. ముందుగాల ఇయ్యాల రాండ్రి."

ఇంటికి వచ్చిన మూడు నిమిషాల్లో తెర వెలిగింది. ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగానే దరఖాస్తు వెళ్లిపోయింది. శ్యామల ఊపిరి పీల్చుకుంది. చాచా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇగ చెప్పు బిడ్డా, నేను రాని మూడు నెలలు ఏమేం జరిగినయ్?"

"చానా జరిగినయ్ చాచా" అని, శ్యామల మొదటి వారం నుంచి చెప్పడం మొదలుపెట్టింది.