అడిగితేనే ముందు వరుస

తమిళనాడులోని ధర్మపురి గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన్ను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరైనా పుస్తకం తిరిగిస్తే, దాన్ని అరచేత్తో తుడిచి ముందు వరుసలో పెట్టేవాడు. ఎవరూ అడగనివి వెనక్కి జరిగి జరిగి అటకెక్కేవి. తెలుగువన్నీ అటకమీద ఒకే మూటలో ఉండేవి. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని చదవడం రాదు. అందుకని వాటన్నిటికీ కలిపి ‘తెలుంగు’ అని తమిళంలో ఒకే కార్డు రాసిపెట్టాడు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మా ఊరు పెరియంపట్టిలో మా ఆవు మేత మానేసింది. పశువైద్యం మీద తెలుగు పుస్తకం ఒకటి మా నాయన ఎప్పుడో ఆ గ్రంథాలయానికే ఇచ్చాడు. దానికోసం బస్సెక్కాను.

“అట్ట ఏం రంగు?” అన్నాడాయన.

“తెలీదన్నా. పేరు చెప్తా గదా.”

“పేరుతో నేనేం చేసేది? తెలుగువి ఎవురూ అడగరు తమ్ముడూ. అడిగేవాళ్ళుంటే ముందరికొస్తాయి.”

“కనబడితే గదన్నా అడిగేది. మూట దించు, నేనే ఎతుక్కుంటా.”

“నిచ్చెన పక్కాఫీసోళ్ళు తీసుకపోయినారు. రేపు రా.”

ఆ వారమంతా తిరిగినా ఆ రేపు రాలేదు.

చివరిసారి పోయేసరికి పుస్తకం ముందు వరుసలో, తమిళ నవలల పక్కన ఉంది. ఎవరిచేతనో పేర్లు చదివించి తీయించాడట. అరచేత్తో తుడిచి నా చేతికిచ్చాడు.

“ఇన్నిసార్లు అడిగితివి గదా, ముందర పెట్టినాను.”

ముందురోజే ఆవును పూడ్చాము. నేను పోయింది ఆయన్ను నాలుగు మాటలు అనేసి రావడానికి.