తూము దాటిన నూలుపోగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే మొండిది మా జేజి, అంటే మా నాయనమ్మ. ఆమె తర్వాత నేనేనని అమ్మ అనేది. నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఒక రోజు ఆ రెండు మొండితనాలూ కలిసి మా పంటను నిలబెట్టాయి.

దొరవారిసత్రం దగ్గర ఉన్న మా చేనికి చెరువు నీళ్లు తారు రోడ్డు కింది తూము గుండా రావాలి. మట్టి గొట్టాలు వరసగా పేర్చి వేసిన సన్నటి తూము అది. అడ్డొచ్చిన బండను తప్పించడానికి మధ్యలో వంకర తిప్పారట. ఆ ఏడు వరి పొట్ట మీద, కంకి వేయబోతూ ఉంది. తీరా నీళ్లకు మా వంతు వచ్చిన రోజున చూస్తే, తూము అవతల వేలెడు ధార తప్ప రావడం లేదు. గట్టు మీది తుమ్మచెట్టు వేళ్లు గొట్టాల అతుకుల్లోంచి దూరి లోపల అల్లుకుపోయాయి. పొద్దు గూకితే నీళ్లు పక్క రైతుల వంతు. మళ్లీ మా వంతు వచ్చేసరికి మాకు మిగిలేది గింజ పట్టని తాలే. రోడ్డు తవ్వుదామంటే అందుకు అనుమతి లేదు.

మా నాయన, చిన్నాయన పొద్దున్నుంచీ వెదురు బద్దలు దూర్చి చూశారు. వంకర దగ్గరికి వెళ్లి అవి ఆగిపోయాయి. కొబ్బరి తాడు తోశారు. తోసేకొద్దీ అది లోపలే మడతలు పడి, చివరికి ఉండ చుట్టుకుని వెనక్కి వచ్చింది. నాయన దాన్ని గట్టు మీదికి విసిరికొట్టి, తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం అమ్మతో కలిసి కూడు తెచ్చిన జేజి గంప దించి కాసేపు తూము వైపే చూసింది.

"ఒరే అబ్బయా, మెత్తని దాన్ని తోస్తే ముడుచుకోక ఏం చేస్తాది? నీళ్లు పోతానే ఉండాయి గదా, వాటినే లాక్కపోనీ."

నీళ్లు తాడు లాగుతాయా అని చిన్నాయన నవ్వాడు. జేజి అమ్మను, నాయనను రోడ్డు అవతల తూము కొస దగ్గరికి పంపింది. నన్ను ఇంటికి పరిగెత్తించి, పూలు కట్టే నూలు ఉండ తెప్పించింది. దాన్ని బాగా తడిపింది. కొసకు ఏమీ కట్టొద్దంది, కడితే తుమ్మవేళ్లకు తగులుకుంటుందట. తూములోకి మోచేతి దాకా దూరేది నా చెయ్యే కాబట్టి పని నాకే అప్పగించింది.

సంబరంలో నేను ఒకేసారి బోలెడు దారం వదిలేశాను. అది మూతి దగ్గరే చిక్కుపడి కూర్చుంది. జేజి కసిరింది.

"అట్ట గుమ్మరించబాక మే! చేతివేళ్ల మధ్య పట్టుకోనుండు. అది లాగినప్పుడు, లాగినంతే వదులు."

చిక్కు తీసి, బురదలో బోర్లా పడుకుని మళ్లీ మొదలుపెట్టాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత చూపుడువేలి మీద సన్నగా, చేపపిల్ల ఎర కొరికినట్టు, ఒక లాగుడు. వదిలాను. మళ్లీ లాగింది. దారం సాపుగా, తనంత తాను చీకట్లోకి పోతోంది. వంకర దగ్గర ఆగింది. ఇక అయిపోయిందన్నాడు చిన్నాయన. నాకు తొయ్యాలనిపించింది కానీ తొయ్యలేదు. కాస్త వెనక్కి లాగి, పట్టు సడలించాను. అది జేజి చెప్పింది కాదు, నాకే తోచింది. దారం ఒకసారి వణికి, చటుక్కున మలుపు తిరిగింది.

రోడ్డు అవతల నుంచి అమ్మ కేక. "వచ్చిందీ!"

నూలుకు పురికొస కట్టాం, పురికొసకు కొబ్బరి తాడు, తాడు మధ్యలో ఈతమట్టల కట్ట. అవతల అమ్మ, నాయన, ఇవతల నేను, చిన్నాయన, అటూ ఇటూ లాగుతూనే ఉన్నాం. చివరికి తుమ్మవేళ్లు పెద్ద జడలా ఊడివచ్చాయి. వెనకే నీళ్లు ఉరికి వచ్చి నాయనను బురదలో కూలదోశాయి. ఆయన లేవకుండా అక్కడే కూర్చుని పడీ పడీ నవ్వాడు. పొద్దు గూకేలోగా ఆఖరి మడి దాకా నీళ్లు నిండాయి. ఇంటికి వెళ్లేటప్పుడు నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని, ఎదురైన ప్రతి మనిషికీ మా అమ్మి తూము తెరిచిందని చెప్పాడు. పక్కనే జేజి, తానేమీ ఎరగనట్టు, ఖాళీ గంప ఊపుకుంటూ నడిచింది. ఆ ఏడు మా కంకులు బరువుకు వంగిపోయాయి.

ఇప్పుడు నా వేళ్లు వణుకుతున్నాయి, సూదిలో దారం ఎక్కించడమే కష్టం. అయినా ఏ పనైనా, ఏ మనిషైనా మొండికేస్తే, నేను తొయ్యడం మానేసి, చూపుడువేలి మీద ఆ సన్నటి లాగుడు కోసం ఆగుతాను. అది తగలగానే, బురదలో బోర్లా పడుకున్న ఆ పిల్లనై, గెలిచామని నాకు ముందే తెలిసిపోతుంది.