మా అత్త కట్టిన పన్ను

మా మేనత్తకు తాను వేసిన బొమ్మను వదిలిపెట్టడం చేతకాదు. అది పరాయి ఇంటి గోడెక్కి పదేళ్లయినా సరే, సంచిలో కుంచె వేసుకుని వెళ్లి దిద్ది వస్తుంది. తలుపు తీసినవాళ్లు "రండి, కూర్చోండి" అనేలోపే కుర్చీ లాక్కుని దాని మీద నిలబడి ఉంటుంది. కూర్చోవడానికి ఆవిడ కుర్చీ వాడగా నేను చూడలేదు. భోజనం కూడా నిలబడే, అదీ ఒక కాలు చెప్పులో పెట్టి.

వేసేవన్నీ ఆరేళ్ల లోపు పిల్లల బొమ్మలే. "ఆరేళ్ల దాకా పిల్లలకి మొహం ఉంటుందే. ఆ తర్వాత మొహం ఉందని తెలుస్తుంది. ఇక అక్కణ్ణుంచి సర్దుకోవడమే" అంటుంది.

ముక్కు కారుతుండగా పకపకా నవ్వే పిల్ల, బట్టల్లేకుండా బకెట్లో కూర్చున్న పిల్లాడు, అందరూ ప్రాణం ఉన్నట్టే ఉంటారు. ఏడెనిమిదేళ్లు పోయాక ఈవిడ వెళ్లి పాడుచేస్తుంది. టైలరు కూతురికి ముక్కు తుడిచింది. బ్యాంకు మేనేజరుగారి బకెట్ పిల్లాడికి చొక్కా తొడిగింది.

"స్నానం చేసేవాడికి చొక్కా ఏమిటత్తా?"

"జలుబు చేస్తుందే!" జవాబు వీధిలోంచి వినబడింది.

ఒకరోజు పళ్ల డాక్టరుగారి ఆసుపత్రి మీద పడింది. వెనక ఇల్లు, ముందు ఆసుపత్రి. ఆ ముందుగదిలో ఆయన కొడుకు బొమ్మ ఉంది. అయిదేళ్లప్పటిది. ఊడిన ముందుపన్ను సందులోంచి నాలుక బయటపెట్టి నవ్వుతుంటాడు. దవడలు పట్టుకుని కూర్చున్న రోగుల మధ్య అత్త బల్లెక్కింది.

"పన్ను పీకించుకోవాలా అమ్మా?" అంది నర్సు కంగారుగా.

"కాదమ్మా, ఒకటి కట్టాలి" అంది అత్త. కట్టి వచ్చేసింది.

సాయంత్రం కాకముందే డాక్టరుగారు బొమ్మను చంకలో పెట్టుకుని మా ఇంట్లో ఊడిపడ్డారు. వెనకాలే కొడుకు, ఇప్పుడు పన్నెండేళ్లవాడు, తల వంచుకుని నిలబడ్డాడు.

"అందరికీ పళ్లు కట్టేవాణ్ణి నేను. నా కొడుక్కి నాకు చెప్పకుండా మీరు కడతారా? ఆ సందు చూసే కదండీ ముచ్చటపడి కొనుక్కున్నాను! మీ బొమ్మలున్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్తాను. ఇక మీకెవరూ తలుపు తియ్యరు!"

అత్త మొహం పాలిపోయింది. తలుపులన్నీ మూసుకుంటే ఆ కాళ్లు ఎక్కడికని పోతాయి? గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నాలుగుసార్లు తిరిగింది. చివరికి, "కొంచెం తెల్లరంగు మిగిలిపోయిందండీ" అంది.

"అంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అత్తా?" అన్నాను, ఉండబట్టలేక.

"నాన్నా, నేనే అడిగాను" అన్నాడు పిల్లాడు నేలకేసి చూస్తూ. "వచ్చినవాళ్లంతా బొమ్మని చూసి, నన్ను చూసి, 'ఈ బోసినోరు నువ్వేనా?' అని నవ్వుతున్నారు. అందుకే బడి నుంచి వెనక గుమ్మంలోంచి వస్తున్నాను. ఎవరికీ చెప్పనని ఆంటీ మాటిచ్చారు."

ఎప్పుడూ ఇతరుల నోళ్లు తెరిపించే డాక్టరుగారు తానే నోరు తెరిచి ఉండిపోయారు. ఆ ముక్కు, ఆ చొక్కా కూడా ఎవరు అడిగితే చేసిందో నాకు అప్పుడు తెలిసింది.

అత్త తడిగుడ్డతో పన్ను అంచును మెల్లగా రుద్దింది. తెలుపు కరిగి, కింద సందు కనబడింది. "వార్నిష్ మీద నీటిరంగుతో వేశానండీ. మీ సందు భద్రంగానే ఉంది. సిగ్గు పోయాక వీడే తుడుచుకుంటాడు" అని, రెండు గీతల్లో పన్ను మళ్లీ సరిచేసింది.

"ఎప్పటికి పోతుందండీ?"

"పాలపన్ను లాంటిదండీ అది. పీకకూడదు. దానంతటదే ఊడాలి."

ఆ భాష ఆయనకు అర్థమైంది. కొడుకు భుజం తట్టి, బొమ్మ చేతికిచ్చి, ముందు నడవమన్నారు. తాను మాత్రం గుమ్మం దగ్గర ఆగి, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా పరిచి దువ్వుకున్న నాలుగు వెంట్రుకలను అరచేత్తో సర్దుకున్నారు.

"మా హాల్లో నా బొమ్మ ఒకటుందండీ. మీరు వేసింది కాదులెండి. పైన కొంచెం... ఖాళీగా..."

"నేనెవరికీ చెప్పనండీ" అంది అత్త గుసగుసగా. "నల్లగానా, కాస్త నెరిసినట్టా?"

నేనూ అక్కడే ఉన్నానన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. చెప్పొద్దని నన్నెవరూ అడగలేదు మరి.