ఉప్పు తొట్టిలో తేలిన చెప్పులు

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డు అందం గురించి అడిగేవాళ్లకు నేను సరైన మనిషిని కాను. ఎనభైల్లో ఒక వానాకాలం ఉదయం ఆ దారంతా బస్సును తిట్టుకుంటూనే కూర్చున్నాను. కోరాపుట్‌లో మా బావది టోకు ఉప్పు వ్యాపారం. పారేసిన ప్లాస్టిక్‌ను గాలి చొరని డ్రమ్ములో కాచి, ఆవిరిని చల్లార్చి నూనె తీస్తానని పట్టుబట్టాడు. నేను రాయగడ బడిలో సైన్సు చెప్పేదాన్ని. ముక్కలు చేసి నీళ్లలో వెయ్యమన్నాను. పాలిథిన్ తేలుతుంది, అది పనికొస్తుంది. పీవీసీ మునుగుతుంది, దాన్ని కాస్తే యాసిడ్ పొగ వస్తుంది, మునిగినవి ముట్టుకోవద్దన్నాను. ముందురోజు బావ లారీ డ్రైవరు చేత కబురంపాడు: "అన్నీ తేలేయి, పాత సెప్పులు కూడా. రేపే పొయ్యి ఎలిగిస్తాం." ఆ చెప్పులు పీవీసీవి, తేలకూడదు. పొయ్యి దగ్గర కూర్చునేది మా అక్క. ఆమెకు ఉబ్బసం.

తొలి బస్సే పట్టుకున్నాను. లక్ష్మీపూర్‌లో ఆ రోజు సంత. చింతపండు బస్తాలన్నీ పైకి ఎక్కేదాకా కదలనన్నాడు డ్రైవరు.

"మా అక్క ప్రాణం మీదకొచ్చేలా ఉంది బాబూ" అన్నాను.

"ఆస్పత్రిలో ఉందేటమ్మా?"

"లేదు, ఇంట్లోనే. ఇప్పటికి బాగానే ఉంది."

"బాగున్న మనిషి కోసం ఇంత ఆత్రమేటి? టీ తాగండి."

టీ తాగకుండా పైకెక్కే బస్తాలు లెక్కపెట్టాను. ఘాట్‌లో ఇంజను కాగి మరోసారి ఆగాం. ఏడుపొక్కటే తక్కువ.

మధ్యాహ్నం కోరాపుట్‌లో దిగి బావ దుకాణం వెనక పెరట్లోకి పరుగెత్తాను. కట్టెలు తడిసి అప్పుడప్పుడే అంటుకుంటున్నాయట. అక్క విసనకర్రతో డ్రమ్ము పక్కనే ఉంది. కట్టెలన్నీ బయటికి లాగేశాను.

"మతిపోయిందేటి అమ్మీ? నువ్వు సెప్పినట్టే సేసేను కదా" అన్నాడు బావ.

"ఏ నీళ్లలో వేశావు?"

తొట్టి చూపించాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నోరు చేదెక్కేంత ఉప్పు. వానాకాలపు చెమ్మకు ఉప్పు బస్తాల్లోంచి కారే నీరంతా ఆ తొట్టిలోకే చేరుతుంది. అంత చిక్కటి ఉప్పునీటిలో, మునగాల్సిన మెత్తటి పీవీసీ చెప్పులూ తేలతాయి. బకెట్టుతో నూతినీళ్లు తోడి ఒక చెప్పు ముక్క వేశాను. అడుగుకు పోయింది. బావ దాన్నే చూస్తూ చతికిలబడ్డాడు.

"ఉప్పులో పుట్టి పెరిగినోల్లం అమ్మీ. నీల్లలో ఉప్పుందని మాకేటి తడతాది?"

ఆ మాటకు నా కోపమంతా కారిపోయి, ఏడుపొచ్చింది. అక్క విసనకర్ర పక్కన పెట్టి "అన్నం తిన్నావా?" అంది. ఆ గొంతులో పిల్లికూత లేదు. పక్కనే కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉండిపోయాను.

ఆ దారిలో వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే. లక్ష్మీపూర్ సంత రోజున ఆ బస్సెక్కకండి. తప్పకపోతే, మీ మనిషి బాగానే ఉన్నా సరే, ఆస్పత్రిలో ఉందనే చెప్పండి.